మిరపకాయే కూరైన రాజ్యం

మిరపకాయను కారం కోసం కాకుండా, వంకాయలాగా బెండకాయలాగా కూర వండుకుని తినే దేశం ఒకటుందని నాకు మొదట చెప్పినవాడు దుబాయ్‌లో మా హోటల్ ముదీర్. ముదీర్ అంటే మేనేజరు. లెబనాన్ మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని కోటు. నేను నమ్మలేదు. కారం అంటే మన సొత్తని అనుకునేవాళ్లం కదా మనం. జగిత్యాల పక్క పల్లె నుంచి వెళ్లినవాణ్ణి, పచ్చికారం అన్నంలో కలుపుకుని పొలానికి పోయినవాణ్ణి, నాకు కారం సంగతి చెప్పడానికి ఈయనెవరని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకు ఎంత పని పెట్టిందో, చివరికి ఏం తెచ్చిపెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. హోటల్ వంట నేర్చుకుని గల్ఫ్ దారి పట్టాలనుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు ఉల్లిగడ్డ కోయడం చూపించే ముందు నేను చెప్పే ముచ్చట ఇదే.

ఎనభైలు మొదలైన కాలం అది. అంతకుముందు నేను జెబెల్ అలీ రేవు పనులు నడిచే చోట లేబర్ క్యాంపు మెస్సులో వండేవాణ్ణి. అక్కడ గరిటె అంటే పార సైజులో ఉండేది. అన్నం ఉడికితే చాలు, పప్పు వేడిగా ఉంటే పండగే. రుచి గురించి అడిగే తీరిక తినేవాళ్లకు లేదు, ఆలోచించే తీరిక నాకు లేదు. ఆ మెస్సు నడిపే కంపెనీ, దేరాలోని ఒక పెద్ద హోటల్, రెండూ ఒకే కఫీల్‌వి. కఫీల్ అంటే మా వీసాలకు పూచీ పడిన అరబ్బు యజమాని. ఒకరోజు హోటల్లో ఇండియన్ వంటల సెక్షన్‌కు మనిషి తక్కువ పడితే నన్ను ట్రయల్ మీద పంపారు. పనికొస్తే హోటల్, రాకపోతే మళ్లీ పార. నా బతుకంతా ఆ ట్రయల్ మీద వేలాడుతుండేది. తెల్లటి కోటు, ఏసీ వంటిల్లు, ఎవరో తిని బాగుందని కబురు పంపడం, ఇవన్నీ రుచి చూశాక మళ్లీ క్యాంపుకు పోవాలంటే ప్రాణం ఒప్పదు.

మా ముదీర్‌కు ఒక సరదా ఉండేది. నెలకో దేశం పేరు మీద వారం రోజులు వంటల పండగ పెట్టేవాడు. ఇటలీ అయింది, చైనా అయింది. ఆ నెల ఎవరూ చూడని దేశం కావాలని భూటాన్ పెట్టాడు. పేపర్లో ప్రకటన వేయించాడు. ఆ దేశం నుంచి కొందరు నాట్యగాళ్లను, మగ్గం నేసే ఒక పెద్దావిడను, ఒక వంటమనిషిని పిలిపించాడు. అందరూ వచ్చారు, వంటమనిషి తప్ప. ఆయన కలకత్తాలో జ్వరంతో పడిపోయాడు. ఆయనతోపాటే వాళ్ల మిరపకాయలు, చీజ్, ఎర్రబియ్యం కూడా అక్కడే ఆగిపోయాయి.

ముదీర్ నన్ను పిలిచాడు. గోడ మీది మ్యాప్ దగ్గర నిలబెట్టాడు.

"నువ్వు ఇండియా. వాళ్లు ఇండియా పక్కన. నువ్వే వండాలి."

"సార్, నేనుండేది గీడ, వాళ్లుండేది గాడ. మా ఊరి నుంచి ఆ దేశం పోవాల్నంటే రైలెక్కి, బస్సెక్కి, మల్ల కొండెక్కాలె," అన్నాను నాకొచ్చిన ఉర్దూలో.

ఆయన జగిత్యాల మీద చిటికెన వేలు, భూటాన్ మీద బొటనవేలు పెట్టి చూపించాడు. "ఇంతే కదా. యల్లా, కానివ్వు!"

ఆ వేళ్ల మధ్య దూరాన్ని నమ్ముకుని నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది?

మొదటి రోజు ఏర్పాట్లు చూసి నాకే నవ్వొచ్చింది. బఫే బల్లల మీద మంచు కనబడాలని ఆస్పత్రి దూది పరిచారు. దూది మధ్య ప్లాస్టిక్ ఏనుగులు. పెద్ద చెఫ్ ఏవో తెల్లటి సూపులు, నూడుల్స్ చేసి వాటికి హిమాలయాల పేర్లు పెట్టాడు. అతిథులు వచ్చి కూర్చున్నారు. మగవాళ్లు మోకాళ్ల దాకా ఉండే అంగరఖా లాంటిది కట్టుకున్నారు. దాన్ని నడుము దగ్గర బిగించి కడితే ఛాతీ మీద సంచి లాగా ఏర్పడుతుంది. డబ్బు, తమలపాకులు, తాగే గిన్నె, ఏదైనా అందులోనే. నేసే పెద్దావిడ కట్టుకున్న బట్ట మీద గళ్లు, పువ్వులు, ఎన్ని రంగులో! సరిహద్దు బజార్లలో తిరిగిన మనిషి కావడంతో హిందీ బాగానే మాట్లాడేది.

వెయిటర్లు వడ్డించబోయారు. ఒక్కొక్కరూ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వద్దన్నట్టు తల ఊపారు. వెయిటర్లు వంగి దండం పెట్టి వెళ్లిపోయారు. అది మా హోటల్ కట్టుబాటు. అతిథి వద్దంటే వద్దే, రెండోసారి అడగడం మర్యాద కాదని ముదీర్ అందరికీ బళ్లో పాఠంలా చెప్పించేవాడు. పంపినవి పంపినట్టే గిన్నెలన్నీ నిండుగా వంటింటికి తిరిగి వచ్చాయి.

రెండో రోజు నా వంతు. మిరపకాయే కూర అయితే ఆ కూర నాకు రాకుండా పోతుందా అనుకున్నాను. లావు పచ్చిమిరపకాయలు తెప్పించి, చింతపండు పులుసు, బెల్లం ముక్క, నువ్వులపొడి, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు, ఉన్న విద్యంతా ఒలకబోశాను. వంటింట్లో అందరూ గిన్నె నాకినంత పని చేశారు. అతిథుల దగ్గరికి వెళ్లిన గిన్నె మాత్రం కొద్దిగా వెలితిగా, అంతే, తిరిగొచ్చింది. అదీ, మిరపకాయ కూర అని విని ఆగలేక పెద్దావిడ తానే రుచి చూసినంత మేరకే.

పెద్దావిడ వంటింటి తలుపు దాకా వచ్చి నన్ను పిలిచింది. నవ్వుతోంది.

"బాగుంది భయ్యా. కానీ ఇందులో మిరపకాయ ఎక్కడుంది?"

"అంత మిర్పకాయలే గదమ్మా!"

"ఇన్ని సామాన్ల వెనక దాక్కుంది పాపం. దాన్ని ఒంటరిగా వదలాలి. మిరపకాయ, చీజ్, వెన్న, ఉప్పు. ఖలాస్, అంతే." దుబాయ్ వచ్చిన రెండు రోజుల్లోనే ఖలాస్ అనే మాట నేర్చేసుకుంది. "కానీ ఈ డబ్బా చీజ్ పనికిరాదు. మా చీజ్ మజ్జిగ నుంచి వస్తుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే ముదీర్ పిలిచి సంగతి తేల్చేశాడు. గురువారం రాత్రి విందుకు కఫీల్ స్వయంగా వస్తున్నాడు, అతిథులతో కలిసి అదే బల్ల మీద కూర్చుంటాడు. "వాళ్లు తింటే నువ్వు ఇక్కడ ఉంటావు. తినకపోతే శనివారం క్యాంపు బస్సు ఎక్కు," అన్నాడు. కోపం లేకుండా చెప్పాడు, అందుకే ఎక్కువ భయం వేసింది.

హోటల్ సరుకులు తెచ్చే పికప్ నడిపే భాయ్‌ది కడప. పుట్టుకతో తెలుగు మాట్లాడే ముస్లిం, ఆ హోటల్లో నాకున్న ఒకే ఒక్క చుట్టం లాంటివాడు. మర్నాడు పొద్దున్నే అల్ ఖూజ్ గోడౌన్‌కు పోయి, తర్వాత ఫుజైరా వైపు చేపల కోసం వెళ్తున్నాడు. నా ముఖం చూసి బండి ఆపాడు.

"ఏంది బ్బీ, అట్లుండావు? ఎవురన్నా పోయినారా?"

"నేనే పోయేటట్టున్న భాయ్, మల్ల క్యాంపుకు," అని చెప్పాను.

హోటల్ వాకిట్లో నిలబడి ఉన్న పెద్దావిడ, బండి ఎటు పోతోందని హిందీలో అడిగి, అటు కొండలున్నాయా అంది. ఉన్నాయన్నాడు భాయ్. "అయితే నేనూ వస్తాను. కొండ చూడక కళ్లు నొప్పి పుడుతున్నాయి," అని బండెక్కి కూర్చుంది. నాకు సెలవు దినం. వంటింటి ముఖం చూడటం కంటే ఆ ప్రయాణమే మేలనుకుని నేనూ వెళ్లాను.

దారి పొడుగునా ఆమె తన దేశం గురించి చెబుతూనే ఉంది. ఒక్కో లోయకు ఒక్కో మాట, ఒక్కో నేత. ఒక లోయ నుంచి ఇంకో లోయకు పోవాలంటే మేఘంలోకి ఎక్కి దిగాలి. రైలు లేదు. టీవీ లేదు. ఆమె పెళ్లినాటికి రోడ్డే లేదట, పెళ్లి సామాను కంచర గాడిదల మీద వచ్చిందట. విమానం ఈ మధ్యే వచ్చింది, అదీ చిన్నది. బయటి మనుషులను కొద్దికొద్దిగానే రానిస్తారు. ఇళ్ల కిటికీల చుట్టూ పువ్వులు, మబ్బులు, పులులు రంగులతో వేస్తారు. బౌద్ధ సన్యాసులు కొండ కొమ్ముల మీద మఠాలు కట్టుకుని ఉంటారు. మంత్రాలు అచ్చేసిన గుడ్డలు కనుమల్లో కట్టేస్తారు, గాలి వాటిని చదువుతుందట. రాజు ఎదురుపడితే మాట్లాడవచ్చా అని అడిగాను. "ఎందుకు మాట్లాడకూడదు? ఆయనా మిరపకాయే తింటాడు," అంది.

హోటల్ గదిలో పొద్దున్నే దేవుడి ముందు ఏడు గిన్నెల్లో నీళ్లు పెడుతుంటే, గది ఊడ్చేవాడు రోజూ వాటిని పారబోసి, తోమి, బోర్లించి పోతున్నాడని చెప్పి పడీ పడీ నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు బెంగ కాస్త తగ్గింది.

ఎడారి అయిపోయి కొండలు మొదలయ్యాయి. గోధుమరంగు రాయి, గడ్డిపోచ లేదు. ఆమె ముందుకు వంగి చూసింది.

"పాపం, వీటికి బట్టల్లేవు," అంది. "అయినా కొండ కొండే."

ఒక మలుపు దగ్గర ఈతాకు పాక, మేకలు, ముందు చాప మీద కూర్చున్న ఒక అరబ్బు ముసలావిడ. ముఖానికి వాళ్ల ఆడవాళ్లు కట్టుకునే నల్లటి ముసుగు. నిమ్మకాయలు, తేనె అమ్ముతోంది. నిమ్మకాయల కోసం భాయ్ బండి ఆపాడు. అరబ్బుల దగ్గర ఆగామంటే కాఫీ తాగకుండా కదలలేం. కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. తర్వాత ఆవిడ పాకలోంచి ఒక గుడ్డ మూట తెచ్చి విప్పింది. లోపల తెల్లగా, పొడిపొడిగా ఏదో ఉంది.

"చామీ అంటారప్పా దీన్ని," అన్నాడు భాయ్. "వెన్న తీసిన మజ్జిగ కాంచి, ఇరగ్గొట్టి, గుడ్డలో వడేస్తారు. ఖర్జూరంతో తింటారు."

మజ్జిగ అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. కానీ పెద్దావిడ వైపు చూస్తే, ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపుతోంది, హోటల్లో లాగే. నా ప్రాణం ఉసూరుమంది. అరబ్బు ముసలావిడకు మాత్రం ఆ ఊపు లెక్కే లేదు. మళ్లీ ముందుకు తోసింది. ఈమె మళ్లీ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ ఏదో కసురుకుంటూ గుప్పెడు తీసి ఆమె చేతిలో కుక్కింది. అప్పుడు ఈమె తింది. తిని, కళ్లు పెద్దవి చేసి, మిగిలిన మూటంతా తన ముందుకు లాక్కుంది.

"ఇదే!" అంది నా వైపు తిరిగి. "మా చీజ్ ఇదే! మేక వాసన ఒక్కటే తేడా."

నాకు చీజ్ దొరికిన సంతోషం కంటే ముందు ఇంకో సంగతి బుర్రకెక్కింది.

"అమ్మా, నిజం చెప్పు. హోటల్ల మీరు వద్దన్నది గూడ గిట్లనేనా?"

ఆమె సిగ్గుపడింది. "మరి? అడగ్గానే తీసుకుంటే లాలచీ అనుకోరూ? ఒకసారి వద్దంటాం, రెండోసారి వద్దంటాం. పెట్టేవాళ్లు మళ్లీ అడుగుతారు కదా, అప్పుడు తింటాం. మీ హోటల్లో ఒక్కసారి అడిగి పారిపోతారు. గదులకు పోయి బిస్కెట్లు తింటున్నాం."

లాలచీ అంటే ఆశపోతు. ఇంత పెద్ద హోటల్, ఇన్ని గిన్నెలు, మధ్యలో వీళ్లు ఆకలితో పడుకున్నారు!  మన పెళ్లి పంక్తుల్లో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేవాళ్లను ఎంతమందిని చూడలేదు? వేళ్ల మీదుగా నెయ్యి పోసి మరీ వడ్డించే చేతులు కావా మనవి? ఆ బుద్ధిని తెల్లకోటు వేసుకున్న రోజే ఎక్కడో తీసి పెట్టేశాను. భాయ్ తొడ చరుచుకుని ఒకటే నవ్వు. "అతిథి వద్దంటే వద్దేనంట! మా అమ్మ యింటే ఆ ముదీర్‌ను గరిటెతో కొడతాది బ్బీ!" ఆ ముసలావిడ దగ్గరున్న చామీ అంతా తీసుకుని తిరిగొచ్చాం.

గురువారం రాత్రి. ఎర్రబియ్యం మలయాళీ కొట్లో దొరికాయి. పెద్దావిడ వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. పెద్ద చెఫ్ ముఖం చిట్లించాడు, చిట్లించుకోనీ అనుకున్నాను. మిరపకాయలు నిలువుగా చీల్చి, నీళ్లలో వెన్నతో ఉడకబెట్టాను. చెయ్యి అలవాటుగా ఆవాల డబ్బా మీదికి పోయింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. పసుపు మీదికి పోయింది. మళ్లీ పట్టుకుంది. పోపు లేకుండా పొయ్యి దించడం నా జన్మలో అదే మొదటిసారి. చివర్లో చామీ కలిపితే కూర తెల్లగా, చిక్కగా, మధ్య మధ్య ఆకుపచ్చగా తయారైంది. నాలుక మీద వేసుకున్నాను. మిరపకాయ అసలు రుచి ఇంత తియ్యగా ఉంటుందని, ఆ తర్వాత ఇంత మండుతుందని నాకప్పుడే తెలిసింది.

హాల్లో కఫీల్ మధ్యలో కూర్చున్నాడు. తెల్లగడ్డం, చేతిలో తస్బీ, అదే జపమాల. ఒకప్పుడు ముత్యాల పడవల మీద పనిచేసిన మనిషని చెప్పుకునేవారు. వంటింటి తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. వెయిటరు కూర గిన్నె పట్టాడు. అతిథులు అందరూ చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ముందే చెప్పాను, ఆగి మళ్లీ అడగమని. వాడు ముదీర్ వైపు చూశాడు, ముదీర్ కనుబొమ్మ కదిపాడు, వాడు వంగి దండం పెట్టి వెనక్కి తిరిగాడు. కఫీల్ ముఖం నల్లబడింది. తన బల్ల మీద అతిథులు పస్తుండటం అరబ్బుకు తలవంపు.

వంటవాళ్లు హాల్లో అడుగు పెట్టకూడదు. నేను పెట్టాను. మరకల ఏప్రనుతోనే పోయి, వెయిటరు చేతిలోంచి గిన్నె లాక్కుని పెద్దావిడ పక్కన నిలబడ్డాను.

"జరంత వేస్కో అమ్మా."

ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ముదీర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి దులిపేశాను.

"నా తోడు. గీ ఒక్క గరిటె."

చెయ్యి ఇంకా అడ్డమే ఉంది. మోచేతి పక్క నుంచి గరిటె దింపి ఎర్రన్నం మీద పోసేశాను. ఆమె ఒక చిటికెడు తీసి పక్కన పెట్టి, పెదాల్లో ఏదో అనుకుని, తినడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరి దగ్గరా అదే పాట. వద్దు, వద్దు, ఆ తర్వాత గిన్నె ఖాళీ. ఇంకో గిన్నె తెప్పించాను. నాట్యగాళ్లు చెమటలు కారుస్తూ, తుడుచుకుంటూ, మళ్లీ పళ్లెం చాస్తుంటే నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇన్ని రోజుల ఆకలి అది.

కఫీల్ లేచి నిలబడ్డాడు.  ఆయన నా చేతిలో గరిటె తీసుకుని, బల్ల చుట్టూ తిరిగి తానే వడ్డించడం మొదలుపెట్టాడు. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే అరబ్బీలో గదమాయిస్తున్నాడు. తర్వాత కూర్చుని తానూ ఒక ముద్ద తిన్నాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగి, ముక్కు తుడుచుకుని, మళ్లీ పళ్లెం నా వైపు తోశాడు. దూది మంచులోంచి ఒక ప్లాస్టిక్ ఏనుగు కింద పడింది, ఎవరూ ఎత్తలేదు.

"మా అమ్మ ఇలాగే పెట్టేది," అన్నాడు ముదీర్‌తో. ఆ మాట ముదీరే తర్వాత నాకు చెప్పాడు. "ఈ మనిషి ఎక్కడివాడు?"

"క్యాంపు నుంచి, ట్రయల్ మీద."

"ఖలాస్ ట్రయల్. సెక్షన్ వీడికి ఇవ్వు."

ముదీర్ కోటు సర్దుకుని నా ముందుకు వచ్చాడు. తప్పదు కాబట్టి మర్యాదగానే అడిగాడు. "ఇండియన్ సెక్షన్ నువ్వు తీసుకుంటావా?"

ఏం పూనిందో నాకు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను.

పెద్దావిడ కిసుక్కున నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ కడప భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "సావగొడతాండావు గదరా నన్ను," అన్నది నాకు అక్కడికి వినిపించింది. ముదీర్ ముఖంలో రంగులు మారాయి. జీవితంలో ఎవర్నీ రెండోసారి అడగని మనిషి. వెనక్కి తిరిగితే నా పని అయిపోయినట్టే. కఫీల్ తస్బీ తిప్పుతూ ఆయన్నే చూస్తున్నాడు.

"తీసుకో," అన్నాడు ముదీర్, గొంతు తగ్గించి.

మళ్లీ తల ఊపాను. 

ఈసారి ఆయనకే నవ్వొచ్చింది. ఇస్త్రీ మడత నలిగేలా వంగి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తీసుకో నాయనా, నీకు దండం పెడతాను!"

"సరే సార్, మీ మాట తీసేయలేను," అన్నాను. హాలంతా చప్పట్లు. భాయ్ వేసిన ఈల బయట రోడ్డు దాకా వినబడి ఉంటుంది.

పెద్దావిడ అప్పుడు తన గిన్నెలో ఎర్రన్నం, దాని మీద కూర వేసి నాకు చాచింది. పొద్దుటి నుంచి నేనూ ఏమీ తినలేదు. ఆ వాసన ముక్కుకు తగలగానే రెండు చేతులతో అందుకున్నాను, ఒక్కసారి కూడా వద్దనలేదు.

"లాలచీ!" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

నేను ఇంకో ముద్ద కలిపాను. నోరు నిండా అన్నం ఉంది.